కుక్కలా ఒళ్ళు విరుచుకోండి, తాబేలులా పాకండి: పట్టేసిన తుంటికీ భుజాలకూ మెత్తని వ్యాయామం

విశాఖలో గాజువాక నుంచి మధురవాడ దాకా స్కూటరు మీద వెళ్ళి, అక్కడ రోజంతా కంప్యూటరు ముందు కూర్చుని, మళ్ళీ అదే దారిలో హారన్ల మధ్య తిరిగొచ్చిన మనిషి రాత్రి అన్నానికి కింద కూర్చోబోతే తుంటి మాట వినదు. పై అరలోని డబ్బా అందుకోబోతే భుజం మూలుగుతుంది. "వయసు మీద పడుతోంది" అనుకుని ఊరుకుంటాడు. వయసుకూ కొంత వాటా ఉండవచ్చు. కానీ ఇలాంటి బిగువులో ఎక్కువ భాగం ఆ కీళ్ళను పొద్దస్తమానం ఒకే తీరులో మడిచి ఉంచడం వల్ల వచ్చిందే. బస్తాలు మోసినవాడి భుజం పట్టేయడం అందరికీ తెలుసు. ఏమీ మోయకుండా, ఎటూ కదపకుండా ఉంచిన భుజమూ అలాగే పట్టేస్తుంది.

అందుకే దాన్ని గట్టిగా లాగి వదిలించుకోవాలని చూడకండి. రోజులో నాలుగైదు సార్లు, కొద్దికొద్దిగా, ఆ కీలు తిరగగలిగిన దిక్కులన్నిటికీ నెమ్మదిగా తిప్పండి. ఈ పని జంతువులు మనకంటే బాగా చేస్తాయి. నిద్ర లేచిన కుక్క ఒళ్ళు విరుచుకోవడం కొన్ని క్షణాల పని. అది అంకెలు లెక్కపెట్టదు, పళ్ళు బిగించదు. ఆదివారం ఒక్కరోజే గంటన్నర ఒళ్ళు వంచి, సోమవారం మంచం దిగలేక మూలిగేవారికి ఈ మాట మరీ మరీ చెబుతున్నాను.

జంతువులను చూసి కదలడం కొత్తగా పుట్టినదేమీ కాదు. ఘేరండ సంహిత చెప్పిన 32 ఆసనాల్లో దాదాపు సగం పేర్లు కూర్మం, మండూకం, మకరం, గరుడం లాంటి ప్రాణులవే. చైనాలో ప్రాచీన వైద్యుడు హువా తువో పేరు మీద పులి, జింక, ఎలుగుబంటి, కోతి, పక్షి అనే ఐదింటి వ్యాయామం ఇప్పటికీ చేస్తున్నారు. నేను కింద చెప్పేవి వాటికి నకళ్ళు కావు. పూర్తి ఆసనం గురువు దగ్గర నేర్చుకోవలసిందే. ఇవి మామూలు మనిషి ఇంట్లో, వంటగట్టు పక్కన చేసుకోగల తేలిక రూపాలు.

ముందు ఆగి చూసుకోవలసినవి

ఎడమ భుజం, చేయి, దవడ నొప్పితో పాటు ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే వ్యాయామం ఊసే వద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. కింద పడ్డాక మొదలైన తుంటి నొప్పి, జ్వరంతో వచ్చిన కీలు వాపు, నిద్రలోంచి లేపేసే నొప్పి, కాలిలోకో చేతిలోకో పాకే తిమ్మిరి ఉంటే డాక్టరుకు చూపించకుండా మొదలుపెట్టవద్దు. తుంటి మార్పిడి జరిగినవారికి కొన్ని కదలికలు నిషేధం, ఏవో శస్త్రచికిత్స చేసిన డాక్టరే చెప్పాలి. భుజం ఒకసారైనా జారినవారూ అంతే. గర్భిణులు బోర్లా పడుకునేవి మానాలి. కంటిలో నీటి ఒత్తిడి పెరిగే జబ్బు (గ్లాకోమా) ఉన్నవారు, రక్తపోటు అదుపులో లేనివారు తల కిందికి వంచేవి మానాలి.

మధుమేహం ఉన్నవారికి ఇంకొక మాట. చేయి మీ అంతట మీరు ఎత్తలేకపోవడం ఒక ఎత్తు, పక్కవాళ్ళు పట్టి ఎత్తినా పైకి రాకపోవడం మరొక ఎత్తు. రెండోదైతే అది గడ్డకట్టిన భుజం కావచ్చు. డాక్టర్లు ఫ్రోజెన్ షోల్డర్ అనేది దీన్నే. మధుమేహుల్లో, నలభై నుంచి అరవై ఏళ్ళ మధ్య వారిలో ఎక్కువగా కనిపిస్తుంది. దాని వైద్యం వేరు, బలవంతంగా లాగితే నొప్పి పెరుగుతుంది.

చోటు, వేళ, ఒక చిన్న పరీక్ష

విశాఖ ఉక్కపోతలో అరచేతులు త్వరగా తడుస్తాయి. నున్నటి పలకల నేల మీద దుప్పటి పరిచి నాలుగు కాళ్ళ మీద నిలబడితే దుప్పటితో సహా మీరూ జారతారు. అడుగున పట్టు ఉండే యోగా చాప వేసుకోండి. 2025 జూన్ 21న ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా జనం చాపలు పరిచి యోగా చేశారు కదా, ఆ సందడిలో కొన్న చాప మీ బీరువా వెనకే నిలబడి ఉండవచ్చు. దుమ్ము దులిపి బయటికి తీయండి. మోకాళ్ళ కింద మడత పెట్టిన తువ్వాలు ఒకటి, చెయ్యి తుడుచుకోవడానికి ఒకటి ఉంటే చాలు. ఇడ్లీ తిన్నాక ఒక గంట, అన్నం తిన్నాక రెండు మూడు గంటలు ఆగండి. చీర, నైటీ మోకాళ్ళకు అడ్డం పడతాయి, సల్వారో పైజమానో మేలు.

మొదలుపెట్టే ముందు గోడకు వీపు ఆనించి నిలబడి, నడుము విల్లులా వంచకుండా రెండు చేతులూ ముందు నుంచి పైకెత్తండి. ఎక్కడ ఆగిపోయాయో గుర్తుపెట్టుకోండి. తర్వాత కుర్చీలో కూర్చుని కుడి చీలమండను ఎడమ మోకాలి మీద పెట్టి, పైకి లేచిన మోకాలు ఎంత ఎత్తున నిలిచిందో చూడండి. రెండో వైపూ అంతే. ఈ రెండింటినీ వారం వారం చూసుకుంటే చాలు.

వ్యాయామమంతా ఒక నియమం మీద నడవాలి. నొప్పి లేకపోవడం సున్నా, భరించలేనిది పది అనుకుంటే, మీరు మూడు దాటకూడదు. ఊపిరి బిగబట్టారంటే అప్పటికే దాటేశారు.

కుక్క: వంటగట్టు దగ్గర మొదలు

బీచ్ రోడ్డులో ఉదయం వాహనాలు ఆపేసే వేళ కాలిబాట మీద పడుకున్న కుక్క లేవడం గమనించండి. ముందు కాళ్ళు బాగా ముందుకు చాపి, ఛాతీ నేలకు దించి, నడుము పైకెత్తి, నోరంతా తెరిచి ఆవులిస్తుంది. అక్కడితో అయిపోదు. ఒళ్ళు ముందుకు జరిపి వెనక కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి ఈడుస్తుంది. చివర్లో ఆ పాదం సన్నగా వణుకుతుంది. మనం మొదటి సగాన్నే ఆసనంగా నేర్చుకుని రెండో సగం మరిచిపోతాం. తుంటికి అసలు పని రెండో సగంలోనే ఉంది.

మొదటి సగం ఇలా. వంటగట్టు ముందు నిలబడి అరచేతులు రెండూ భుజాల వెడల్పులో దాని మీద ఆనించండి. అడుగులో అడుగు వేస్తూ వెనక్కి జరుగుతూ తుంటి దగ్గర వంగండి. వీపు నేలకు సమాంతరం అయ్యేదాకా వెళితే మంచిదే, సగం దూరంలో ఆగినా నష్టం లేదు. మోకాళ్ళు కాస్త వంచే ఉంచండి. తొడ వెనక కండరాలు బిగుసుకున్నవారు కాళ్ళు నిటారుగా పెట్టాలని పట్టుబడితే నడుము గూనిలా లేచి బరువు వెన్ను మీద పడుతుంది. పిరుదులను వెనక్కి పంపుతూ చంకలను నేల వైపు వదలండి. మెల్లగా మూడు ఊపిరులు. ఆవులింత వస్తే ఆపుకోకండి. మళ్ళీ అడుగులు ముందుకు వేస్తూ లేవండి.

రెండో సగానికి గట్టు పట్టుకునే నిలబడి, కుడి కాలు ఒక పెద్ద అడుగు వెనక్కి పెట్టండి. మడమ లేచినా ఫరవాలేదు. తోక ఉంటే దాన్ని కాళ్ళ మధ్యకు ముడుచుకున్నట్టు పిరుదులు కిందికి లాగి, ముందున్న ఎడమ మోకాలు కొద్దిగా వంచండి. కుడి గజ్జ ముందు భాగంలో సన్నని లాగుడు తెలుస్తుంది. నడుము వెన్నుపూసల దగ్గర మొదలై, కటి లోపలి నుంచి వచ్చి తొడ ఎముకకు అతుక్కునే పెద్ద కండరం ఒకటి ఉంది. కుర్చీలోనూ స్కూటరు మీదా అది గంటల తరబడి ముడుచుకునే ఉంటుంది. ఈ అడుగు దానికోసం. లాగుడు తెలియడం లేదని చాలామంది నడుము వెనక్కి వంచేస్తారు, అప్పుడు పని నడుము చేస్తుంది, తుంటి తప్పించుకుంటుంది. పిరుదు బిగిస్తే ఆ తప్పు సర్దుకుంటుంది. మూడు ఊపిరుల తర్వాత కాలు మార్చండి.

ఈ వ్యాసంలో ఒక్కటే చేసే ఓపిక ఉంటే ఇది చేయండి. ఫిల్టరు డికాక్షన్ దిగేలోపు అయిపోతుంది.

పిల్లి: భుజం రెక్కలను విడదీయడం

చాప మీద మోకాళ్ళు, అరచేతులు ఆనించి నిలవండి. భుజాల కింద మణికట్లు, తుంటి కింద మోకాళ్ళు. ఊపిరి వదులుతూ తోక ఎముక నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క పూసగా వీపును పైకి గుండ్రంగా ఎత్తండి, తల చివర దిగాలి. ఊపిరి తీసుకుంటూ మళ్ళీ తోక ఎముక నుంచే వీపును కిందికి వదలండి. మార్జాలాసనంగా చాలామందికి తెలిసినదే. ఐదారు సార్లు చాలు. తెలిసింది కదా అని గబగబా ఊపేస్తే మెడా నడుమూ మాత్రమే ఊగుతాయి, మధ్యలో పట్టేసిన వీపు పట్టేసినట్టే ఉంటుంది.

నాకు ఇష్టమైనది దీని తర్వాతది. వీపును, తలను కదపకుండా, మోచేతులు వంచకుండా, ఛాతీని రెండు చేతుల మధ్యకు వదలండి. భుజం రెక్కలు రెండూ వెన్ను దగ్గరికి చేరతాయి. ఇప్పుడు అరచేతులతో నేలను నొక్కి ఛాతీని పైకి తోయండి, రెక్కలు విడిపోతాయి. కదలిక రెండు మూడు అంగుళాలే. ప్రహరీ మీద నడిచే పిల్లిని వెనక నుంచి చూస్తే దాని రెక్కలు వీపు మీద ఒకటి లేస్తూ ఒకటి దిగుతూ కనిపిస్తాయి. పిల్లికి మెడ కింద ఉండే కాలర్ ఎముక చిన్నది, వేరే ఎముకకు అతకకుండా కండరంలో తేలుతూ ఉంటుంది కాబట్టి దానికంత స్వేచ్ఛ. మన కాలర్ ఎముక రొమ్ము ఎముకకు బిగిసి ఉంటుంది, అయినా మన రెక్కకూ చాలా కదలిక ఉంది. చేతిని కింద నుంచి పూర్తిగా పైకెత్తే 180 డిగ్రీల్లో దాదాపు 120 భుజం కీలుది, మిగిలిన 60 ఈ రెక్క తిరగడం వల్ల వచ్చేది. రెక్క కదలకపోతే ఆ భారమంతా కీలే మోయాలి. పై అర డబ్బా దగ్గర భుజం మూలగడానికి తరచు కారణం ఇదే.

ఎనిమిది, పది సార్లు చేశాక ఒక రెక్కను ఎత్తుతూ రెండోదాన్ని దించుతూ మార్చి మార్చి చేయండి. మొదట్లో రాదు, అద్దం పక్కన పెట్టుకుంటే వస్తుంది. మణికట్టు నొప్పి ఉంటే పిడికిళ్ళ మీద నిలవండి. మోకాళ్ళు నేలకు ఆనించలేనివారు వంటగట్టు మీదో మేడ పిట్టగోడ మీదో చేతులు ఆనించి నిలబడే ఇదంతా చేయవచ్చు.

తాబేలు: తుంటి, భుజం కలిపి

చలికాలం చివరి నుంచి వేసవి మొదటిదాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రి వేళ మన తీరానికి వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. అటవీ శాఖ వాళ్ళు గుడ్లు సేకరించి, పిల్లలు అయ్యాక సముద్రంలో వదలడం ఆర్కే బీచ్ దగ్గర చూసే ఉంటారు. పచ్చ తాబేలు ఇసుక మీద ముందరి రెక్కలు రెండూ ఒకేసారి వేసి ఒళ్ళు ఈడ్చుకుంటుంది. ఆలివ్ రిడ్లీ అలా కాదు, కుడి ముందరి రెక్కతో ఎడమ వెనకది, ఎడమ ముందరిదానితో కుడి వెనకది జత కలిపి మార్చి మార్చి వేస్తుంది. మనం తీసుకునేది ఆ జతనే.

1. బోర్లా పడుకుని నుదుటి కింద మడిచిన తువ్వాలు పెట్టుకోండి, ముక్కుకు గాలి ఆడాలి. నడుము లాగితే పొట్ట కింద పల్చటి దిండు పెట్టండి. మోచేతులు వంచి అరచేతులు తలకు ఇరువైపులా నేల మీద ఉంచండి.

2. కుడి అరచేతి కింద ఒక చేతి గుడ్డ పెట్టి, చేతిని నేల మీద జారుస్తూ ముందుకు చాపండి. అక్కడి నుంచి అర్ధవృత్తంగా పక్కకు తిప్పుతూ తొడ దగ్గరికి తీసుకురండి. చేతిని ఎత్తవద్దు, నేలే దాని బరువు మోస్తుంది. మోచేయి వంచి మొదటి చోటుకు చేర్చండి.

3. ఎడమ చేత్తో అదే. తొందర లేదు, ఒక్కో తిప్పుకు ఒక పూర్తి ఊపిరి. ఎక్కడైనా చెయ్యి గతుక్కుమంటే ఆ భాగంలో ఇంకా మెల్లగా, ఇంకా చిన్నగా తిప్పండి.

4. చేతులు సాఫీగా తిరుగుతున్నాయనిపించాక కాళ్ళు కలపండి. కుడి చెయ్యి ముందుకు చాపుతున్నప్పుడే ఎడమ మోకాలు వంచి, తొడ లోపలి వైపు నేలకు రాస్తూ పక్కకూ పైకీ జార్చండి. చెయ్యి వెనక్కి వచ్చేటప్పుడు కాలు చాపండి. మోకాలు తుంటి ఎత్తుకు రావాలని లేదు, సగం వస్తే సగమే.

5. రెండు వైపులా కలిపి పది తిప్పులయ్యాక చేతులు మడిచి నుదురు వాటి మీద పెట్టి, పాదాలు ఎడంగా పెట్టి కాసేపు పడుకోండి. ఇది మకరాసనం, మొసలి విశ్రాంతి.

తొడ ఎముక తల రోట్లో రోకలిలా లోతైన గుంటలో కూర్చుని ఉంటుంది. అందువల్ల తుంటికి గుండ్రంగా తిరగడమే సహజం. ముందుకూ వెనక్కూ నడిచే నడక ఒక్కదానితో ఆ గుంట అంచులకు పని దొరకదు. పాకడంలో తొడ పక్కకు తెరుచుకుంటూ, తిరుగుతూ, ముడుచుకుంటూ ఒకేసారి మూడు పనులు చేస్తుంది, అదీ ఒంటి బరువు లేకుండా. మెట్లెక్కితే నొప్పి పుట్టేవారు కూడా దీన్ని మొదటి రోజు నుంచే చేసుకోవచ్చు.

కప్ప, కొంగ, పీత, గరుడపక్షి

కప్పకు నాలుగు కాళ్ళ మీదే ఉండి మోకాళ్ళు చాప వెడల్పు దాకా ఎడం చేయండి. పిరుదులను మడమల వైపు వెనక్కి పంపి, మళ్ళీ ముందుకు రండి, ఊయల ఊగినట్టు ఏడెనిమిది సార్లు. తొడల లోపలి వైపు లాగాలి, మోకాలి లోపల కాదు. మోకాలు గుచ్చితే ఎడం తగ్గించండి. మన తాతమ్మలు పొయ్యి ముందు గొంతుకూర్చుని గంటల తరబడి చేసిన పనిలో ఈ కదలిక ఊరికే దొరికేది. గ్యాసు గట్టూ, కుర్చీ లాంటి మరుగుదొడ్డీ వచ్చాక దీన్ని విడిగా తెచ్చుకోవలసి వస్తోంది.

అనకాపల్లి దగ్గరి కొండకర్ల ఆవ అనే సరస్సులో ఒంటికాలి మీద నిలబడే కొంగ మీకు తుంటి పక్క కండరాన్ని గుర్తు చేస్తుంది. గోడకు ఒక చెయ్యి ఆనించి ఒక కాలు ఎత్తండి, నిలబడిన వైపు తుంటి పక్కకు జారిపోకూడదు. ఎత్తిన మోకాలిని గాలిలో చిన్న సున్నాలు చుట్టండి, అటు ఐదు, ఇటు ఐదు.

పీత నడక వరండాలో చేయండి. మోకాళ్ళు కొద్దిగా వంచి ఒక పక్కకు ఆరు అడుగులు, మళ్ళీ రెండో పక్కకు ఆరు అడుగులు. పాదాలు ఈడ్చవద్దు.

చేపల రేవు మీద తిరిగే గరుడపక్షి రెక్కలు చాచి, ఆడించకుండానే గాలిలో తేలుతుంది. కుర్చీలో కూర్చుని కుడి చేత్తో ఎడమ భుజం, ఎడమ చేత్తో కుడి భుజం పట్టుకుని మిమ్మల్ని మీరే కౌగిలించుకోండి. వీపు పై భాగం ఉబ్బేలా రెండు ఊపిరులు తీసుకోండి. తర్వాత చేతులు విప్పి, అరచేతులు పైకి ఉండేలా రెండు పక్కలకూ చాచి, బొటనవేళ్ళను వెనక్కి తిప్పి ఇంకో రెండు. కంప్యూటరు పనివారికీ, కుట్టుమిషను మీద వంగేవారికీ, బోర్డు మీద రాసి రాసి భుజం లాగే పంతుళ్ళకూ ఇది సీటులోంచి లేవకుండానే కుదురుతుంది.

ఎలుగుబంటి నడక, అంటే మోకాళ్ళు నేల నుంచి జానెడు ఎత్తి చేతులూ పాదాల మీద నడవడం, ఈ మధ్య వీడియోల్లో బాగా కనిపిస్తోంది. చూడటానికి సరదాగా ఉంటుంది గానీ మణికట్టు, భుజం మీద బరువు చాలా పడుతుంది. పైవి మూడు నాలుగు వారాలు ఇబ్బంది లేకుండా చేశాక, మోకాళ్ళను రెండంగుళాలు ఎత్తి ఒకటి రెండు ఊపిరులు నిలపడంతో మొదలుపెట్టండి. మణికట్టు నొప్పి ఉన్నవారు దీని జోలికి పోకపోతే పోయేదేమీ లేదు.

రోజులో ఎప్పుడు, ఎంత

అన్నీ ఒకేసారి చేయాలని కూర్చుంటే రెండు రోజులు చేసి మానేస్తారు. లేవగానే కుక్క. సాయంత్రం స్నానానికి ముందు పిల్లి, తాబేలు, కప్ప కలిపి పదిహేను నిమిషాలు. స్కూటరు దిగాక, హెల్మెట్ తీసి లోపల పెట్టే ముందు గుమ్మం పట్టుకుని కుక్క రెండో సగం ఒకసారి. ఆఫీసులో గంటకొకసారి గరుడపక్షి. పడుకునే ముందు ఏమీ వద్దనుకుంటే మకరాసనం చాలు. రాత్రంతా ఏసీ గదిలో పడుకుని లేచినవారు ముందు ఇంట్లో నాలుగు చక్కర్లు కొట్టి, ఒళ్ళు కాస్త వేడెక్కాక మొదలుపెట్టండి.

ఇసుక మీద చేస్తామని చాలామంది ముచ్చటపడతారు. పొడి ఇసుకలో అరచేతి అడుగు భాగం కుంగి మణికట్టు వెనక్కి విరిగినట్టవుతుంది. తడి ఇసుక గట్టిగానే ఉంటుంది గానీ అక్కడ నేల సముద్రం వైపు వాలుగా ఉంటుంది, తుంటి ఒకవైపు దిగి మరోవైపు లేస్తుంది. పైగా ఆర్కే బీచ్‌లో అలకు వీపు పెట్టి బోర్లా పడుకోవడం ప్రమాదం. పిల్లి, తాబేలు ఇంట్లోనో శివాజీ పార్కు లాంటి సమతలమైన చోటనో చేయండి. బీచ్‌కు వెళితే గట్టు గోడ పట్టుకుని కుక్క, కొంగ చేసుకోండి.

మర్నాడు కండరంలో కొద్దిపాటి సలుపు సహజం, రెండు రోజుల్లో పోతుంది. కీలు లోపల గుచ్చినట్టు నొప్పి వస్తే, లేదా రాత్రి ఆ వైపు తిరిగి పడుకోలేకపోతే, ఆ కదలికను మానేసి మిగిలినవి సగానికి తగ్గించండి. మూడు వారాల తర్వాత గోడ పరీక్షలో, కుర్చీ పరీక్షలో ఏ మార్పూ లేకపోతే ఇంకా గట్టిగా చేయవద్దు, ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు ఏ కదలికలో, చెయ్యి ఎంత ఎత్తుకు వచ్చాక, నొప్పి ముందు వైపా పక్క వైపా అన్నది కాగితం మీద రాసుకుని వెళితే, వారికి పరీక్ష చేయడం సులువవుతుంది.